యూనియన్లు, పార్టీల సంబంధంపై రీసెర్చ్ ఎక్కడ మొదలుపెట్టాలి? నా సింగరేణి అనుభవం

కార్మిక సంఘాలకూ పార్టీలకూ ఉన్న సంబంధం మీద ఎం.ఏ. డిసర్టేషన్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగారు కదా. నేను 2024లో సింగరేణి మీద ఇలాంటిదే రాశాను. మొదటి రెండు నెలలు దండగయ్యాయి కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

ముందే నాయకుల దగ్గరికి వెళ్లకండి. "మీ నిర్ణయాల్లో పార్టీ జోక్యం ఉంటుందా?" అని ఏడుగురిని అడిగాను. ఏడుగురూ "మాది స్వతంత్ర సంఘం" అన్నారు. ఆ మాట అంటున్న ఒకాయన వెనక గోడకు పార్టీ క్యాలెండర్ వేలాడుతోంది. ఇంకో ఆఫీసులో పాత మినిట్స్ పుస్తకాలు చూపిస్తామని మూడు వారాలు తిప్పి, చివరికి చెదలు తినేశాయన్నారు. పాపం చెదలు.

ఇక ఎన్నికల ఫలితాలు ముందేసుకుని కూర్చున్నాను. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని, అంటే యాజమాన్యంతో కార్మికుల తరఫున మాట్లాడే సంఘాన్ని, కార్మికులే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. 2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో గనులు నెలకు పైగా ఆగాయి. మరుసటి ఏడాది టీఆర్ఎస్ అనుబంధ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది, 2017లోనూ అదే. 2023 డిసెంబర్ 3న ఆ పార్టీ అధికారం పోయింది, 27న జరిగిన సింగరేణి ఎన్నికల్లో సంఘమూ సోదిలో లేకుండా పోయింది. పార్టీ ఎటుపోతే సంఘం అటే అని ఒక చాప్టర్ రాసేశాను కూడా.

సింగరేణి గనులను ఏరియాలుగా విభజించారు, ఆ ఏరియాల వారీ ఓట్ల లెక్క చూశాక అది చింపేయాల్సి వచ్చింది. అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్, సీపీఐ పొత్తు. నెల తిరక్కుండానే వాటి సంఘాలు ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ ఒకదానికొకటి ప్రధాన ప్రత్యర్థులు. సీపీఐ గెలిచిన ఒకే ఒక్క సీటు కొత్తగూడెం, ఆ ఏరియాలో గెలిచిందేమో ఐఎన్‌టీయూసీ! కాంగ్రెస్ ఎమ్మెల్యేలున్న మంచిర్యాల వైపు శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏఐటీయూసీకి వెళ్లాయి. మొత్తం 11 ఏరియాల్లో ఐఎన్‌టీయూసీకి 6 వచ్చినా, మొత్తం ఓట్లలో ముందున్న ఏఐటీయూసీకే గుర్తింపు దక్కింది.

మందమర్రిలో ఫస్ట్ షిఫ్ట్ దిగి టీ తాగుతున్న ఒక కాకను ఇదేంటని అడిగాను. "ఎమ్మెల్యే ఊరికి, బిడ్డా. మస్టర్ కాడ లొల్లి అయితే ఎమ్మెల్యే అస్తడా? పిట్ సెక్రటరీ అస్తడు," అన్నాడు. మస్టర్ అంటే గని దగ్గర హాజరు వేసే చోటు, పిట్ సెక్రటరీ అంటే ఆ గనిలో సంఘం ప్రతినిధి.

అప్పటి నుంచి నా ప్రశ్న మార్చేశాను: ఏ పనికి ఎవరి దగ్గరికి పోతారు? క్వార్టర్, షిఫ్ట్ మార్పు అయితే పిట్ సెక్రటరీ చాలు. వారసత్వ ఉద్యోగాల్లాంటివి (కార్మికుడి ఉద్యోగం అతని వారసుడికి ఇవ్వడం) అలా తేలవు. కంపెనీలో 51 శాతం వాటా రాష్ట్రానిది కాబట్టి సంఘానికి పార్టీ కావాల్సి వచ్చేది అక్కడ. ఆ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక కారుణ్య నియామకాల చుట్టూ జరిగిన హామీలన్నీ ఈ కోణంలో చదవండి, బోలెడు దొరుకుతుంది.

కాగితాల విషయానికొస్తే, 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం రాజకీయ ఖర్చుకు సంఘం విడిగా నిధి పెట్టుకోవాల్సి ఉండేది, దానికి చందా ఇమ్మని సభ్యుణ్ని బలవంతం చేయడానికి వీల్లేదు. రిజిస్ట్రార్‌కు ఇచ్చిన వార్షిక రిటర్నులను సమాచార హక్కు కింద అడగండి. నేను చూసినవాటిలో రాజకీయ నిధి గడి ఖాళీగానే ఉంది. అందుకే గని గేటు దగ్గర సంఘాలు పెట్టే గేట్ మీటింగ్‌ల కరపత్రాలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. అవి ఏ ఆఫీసులోనూ దొరకవు, గని దగ్గర టీ కొట్టులో మిర్చీ బజ్జీలు చుట్టకముందే అడిగి తీసుకోవాలి.