గుండె దడను నమ్మాలా, వద్దా?

"రెండేళ్లుగా ఉద్యోగం సంగతి ఏదీ తేలడం లేదు. యోగా చేస్తే శరీరమే దారి చెబుతుందంటున్నారు. నాకైతే ఎప్పుడు చూసినా గుండె దడే. దాన్ని నమ్మాలా, పట్టించుకోకుండా వదిలేయాలా?" అని మీరు అడిగారు. నాకూ సరిగ్గా ఇదే గొడవ నడిచింది కాబట్టి రాస్తున్నాను. నేను యోగా టీచర్ని కాదు, డాక్టర్ని అసలే కాదు.

2023లో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రాసిన పరీక్ష రద్దయింది. మళ్ళీ రాశాను, అదీ రద్దయింది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పరుగు, రాత్రి పదకొండింటికి అయిదో టీ. ఊళ్ళో నాన్న అప్పు చేసి డబ్బు పంపుతున్నారు. ఇక్కడే ఉండాలా, సామాను సర్దుకుని ఊరెళ్ళిపోవాలా? ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడేది.

రూమ్మేట్ పోరు పడలేక ఇందిరా పార్కుకి వెళ్ళాను. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన పెద్దాయన ఒకరు అక్కడ పదిమందికి ఊరికే యోగా నేర్పేవారు. మొదటి వారంలోనే, పశ్చిమోత్తానాసనంలో పక్కావిడ తల మోకాళ్ళకు ఆనించిందని నేనూ బలవంతంగా వంగాను. తొడ వెనకాల కలుక్కుమంది. పది రోజులు హాస్టల్ మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది. అప్పుడాయన అన్నారు: "ఎంత వంగినవని ఎవ్వలడుగుతలేరు బిడ్డా. ఊపిరి ఆగిందా లేదా, అది చూస్కో."

చూసుకుంటే నిజమే. కష్టమనిపించిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేస్తున్నాను. ఆసనంలోనే కాదు, మాక్ టెస్టులోనూ, నాన్న ఫోన్ ఎత్తేటప్పుడూ అంతే. ఇరవై ఏడేళ్ళొచ్చినా ఆ సంగతి నాకే తెలియదు!

ఆ పార్కులో నేను నేర్చుకున్నదంతా ఒక తేడా చుట్టూనే తిరిగింది. లాగడం వేరు, గుచ్చడం వేరు. కండరం మెల్లగా సాగుతూ, గాలి వదిలేకొద్దీ ఆ బిగువు తగ్గుతుంటే కాసేపు అలాగే ఉండొచ్చు. ఒకేచోట సూదితో పొడిచినట్టుంటే వెనక్కి వచ్చేయాలి. ఈ తేడా పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మీరు దడ అన్నారు కాబట్టి ఇది ఒకసారి చేసి చూడండి. మణికట్టు మీద వేళ్ళు ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నింపాదిగా కొట్టుకుంటుంది. మొదటిసారి గమనించినప్పుడు నా గుండెలో ఏదో లోపముందని హడలిపోయాను. తీరా చూస్తే ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా అలాగే చేస్తుందట. గాలి వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం వేస్తుంది. టెన్షన్‌లో ఊపిరి నెమ్మదిగా వదలమనేది అందుకే.

లోపలి నుంచి వచ్చే ఇలాంటి కబుర్లను గుర్తుపట్టడాన్ని ఇంటరోసెప్షన్ అంటారు. 1906లో షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాడిన మాటలోంచి వచ్చిన పేరది. మనవాళ్ళకు ఆ పేరు తెలియకపోయినా సంగతి తెలుసు. కడుపు తరుక్కుపోవడం, ఒళ్ళు మండిపోవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం... ఇవన్నీ మరేమిటి? చిక్కల్లా ఎక్కడంటే, కబురు ఒకటి వస్తుంది, మనం ఇంకోటి చదువుకుంటాం.

నేను అలాగే చదువుకున్నాను. ఆ నవంబరులో దడ మళ్ళీ ఎక్కువైంది. "టెన్షన్, అంతే" అనుకున్నాను. కానీ ఈసారి ఏదో తేడాగా ఉంది. టెన్షన్ దడ అయితే ఫలానా ఆలోచన వెనకాలే వస్తుంది, పది నిమిషాలు నిదానంగా ఊపిరి వదిలితే దిగుతుంది. ఇది రెండో అంతస్తు మెట్లెక్కితే వస్తోంది, బుర్రలో ఏ ఆలోచనా లేకపోయినా వస్తోంది, ఊపిరికి లొంగడం లేదు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి. ఐరన్ మాత్రలు రాసి, వాటిని టీతో పాటు వేసుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మూడు నెలల్లో ఆ దడ పోయింది. మామూలు దడ మాత్రం ఎక్కడికీ పోలేదు లెండి! కాబట్టి దడను తోసిపుచ్చకండి, అలాగని దాన్ని జోస్యంలానూ చూడకండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆసనాలు వేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక నిర్ణయం సంగతి. "ఊరెళ్ళు" అనో "ఉండిపో" అనో నా శరీరం ఒక్కరోజు కూడా చెప్పలేదు. అలా చెబుతుందనేవాళ్ళ మాట నేను నమ్మను. నాకు తెలిసొచ్చింది వేరు. రాత్రి పదకొండింటికి జీవితమంతా బూడిదపాలైనట్టు అనిపించేది, దవడలు బిగుసుకుపోయేవి. అదే ఆలోచన పొద్దున శవాసనంలో వస్తే ఒంట్లో ఎక్కడా బిగువే ఉండేది కాదు. పరీక్ష గురించి రాత్రి పడే భయంలో సగం నిద్రలేమి, సగం టీ. అందుకని రాత్రిపూట ఏదీ తేల్చకూడదని పెట్టుకున్నాను. ఒక్కటి మాత్రం పొద్దున కూడా తగ్గేది కాదు. నాన్న పంపే డబ్బు గుర్తొస్తే చాలు, పొట్ట పైభాగం ముడుచుకుపోయేది. ఎన్ని వారాలు చూసినా అంతే. అప్పుడర్థమైంది, నన్ను తినేస్తున్నది పరీక్ష కాదు, ఆ అప్పు. సాయంత్రాలు రెండు గంటలు టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. నెలకు ఆరు వేలు. హాస్టల్ ఖర్చుకు సరిపోదు కానీ, ఆ ముడి చాలావరకు వదులైంది.

ఇంకో మాట. కళ్ళు మూసుకుని లోపలికి చూస్తే కొందరికి భయం ఇంకా పెరుగుతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి అలాగే అయ్యేది. ఆ అమ్మాయి కళ్ళు తెరిచే ఉంచి, ఎదురుగా ఉన్న చెట్టును చూస్తూ అరికాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా అన్నదే గమనించేది. మీకూ అలా ఉంటే మొండికేయకండి, అదే చేయండి.

నేను ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. నాన్న ఫోన్ వస్తే ముందు బిగబట్టిన ఊపిరి వదిలి, ఆ తర్వాతే హలో అంటాను. ఆయనకది వినిపిస్తుంది. "ఏమైంది బిడ్డా, గట్ల నిట్టూరుస్తున్నవ్?" అని రోజూ కంగారుపడతారు.