తాతయ్యా, మనవడూ, పాత కార్టూన్లూ

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు మా ఏడేళ్ళ బాబుకి రోజూ పాత ‘టామ్ అండ్ జెర్రీ’ పెడతారు. మొన్న పుట్టినరోజు నాడు వాడు చాక్లెట్ కేకు మొహానికి పులుముకుని, పెదాలు ముందుకు సాచి, “బాంబు పేలాక టామ్‌ని” అంటూ గంతులేశాడు. వచ్చిన స్నేహితుల్లో ఒకడు నల్లజాతి పిల్లాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు గానీ, కాసేపటికే వాణ్ని తీసుకుని వెళ్ళిపోయింది. నేను అందరి ముందూ బాబుని తిట్టి, కార్టూన్లు ఆపేశాను. “పిల్లల బొమ్మల్లో కూడా జాతులేమిటి” అని మామగారు నొచ్చుకున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. తెర మీద చూస్తే నవ్వొచ్చింది, అదే చేసి నలుగుర్నీ నవ్వించాలనుకున్నాడు. తిట్లు పడ్డాయి గానీ ఎందుకు పడ్డాయో వాడికింకా తెలీదు. ఇలాగే వదిలేస్తే ‘ఒంటిరంగు మాటెత్తితే అమ్మకి కోపం’ అన్నదొక్కటే వాడి మనసులో మిగులుతుంది. నా భయం అదే.

బాంబు పేలగానే టామ్‌కి వచ్చే ఆ మసి మొహం, లావు పెదాలు కార్టూన్లకన్నా చాలా పాతవి. 1830ల నుంచి అమెరికాలో తెల్ల నటులు కాల్చిన బిరడా మసి మొహానికి పూసుకుని, పెదాలు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాళ్ళని సోమరులుగా, తెలివితక్కువవాళ్ళుగా ఆడి చూపించేవారు. వాటిని మిన్‌స్ట్రెల్ షోలనేవారు. అప్పటికి ఆ నల్లవాళ్ళలో చాలామంది బానిసలు. ఆ స్నేహితుడి తల్లికి మీ బాబు మొహంలో కనబడింది ఆ వేషమే.

అదే కార్టూన్లో 1940 నుంచి 1952 దాకా ఒక నల్లజాతి పనిమనిషి వస్తుంది. లావుపాటి కాళ్ళు, చీపురు, అరుపులు తప్ప మొహం దాదాపు కనబడనే కనబడదు. 1960లలో టీవీ కోసం కొన్ని భాగాల్లో ఆమెను తెల్లామెగా మార్చి గీశారు. అంటే ఇది ఇవాళ మీరు వెతికి పట్టుకున్న తప్పు కాదు.

ఇదంతా మీ మామగారికి ఎవరు చెప్పారు? నేనూ నా పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ బొమ్మలు చూసి నవ్వినదాన్నే. ఆయనతో వాదన వద్దు. ఒక్కటి అడగండి: “మామయ్యగారూ, సినిమాలో పెళ్ళిచూపులకి నల్లటి అమ్మాయిని కూర్చోబెట్టి, పెళ్ళికొడుకు జడుసుకున్నట్టు చూపించి నవ్విస్తారు. రంగు తక్కువని సంబంధాలు తప్పిపోయిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ సీను వస్తే ఎలా ఉంటుంది?” ఆ బాధ మన ఇళ్ళలో తెలియనిదేం కాదు. ఆయనకి అర్థమవుతుంది.

కార్టూన్లు పూర్తిగా ఆపడం నాకు సమ్మతం కాదు. 2020లో డిస్నీ ప్లస్ ‘డంబో’, ‘పీటర్ పాన్’ లాంటి పాత చిత్రాల మొదట్లో, ఇలాంటి చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అన్న ప్రకటన పెట్టింది. ఏడేళ్ళ పిల్లాడికి ఆ అక్షరాలు పట్టవు. పక్కన కూర్చున్న మనిషి నోటితో చెప్పాలి. ఆ మనిషి తాతయ్యే అయితే ఇంకా మంచిది. ఆ సీను రాగానే ఆపి, “నాన్నా, ఒకప్పుడు కొందరు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని ఎగతాళి చేసేవారు. ఈ బొమ్మ అక్కణ్ణించే వచ్చింది. నీ ఫ్రెండ్ ఇది చూస్తే ఏమనిపిస్తుంది?” అని అడిగితే చాలు. జవాబు వాడు చెప్పేదాకా ఆగండి. వాడు ఏడిస్తే దగ్గరికి తీసుకోండి.

ఇంట్లో మన మాటలు కూడా ఒకసారి వినండి. “ఎండలో ఆడకు, నల్లబడతావ్” అని రోజూ వినే పిల్లాడికి ఈ రెండు నిమిషాల మాటలు ఎక్కవు.

ఇక ఆ తల్లికి మీరే ఫోన్ చేయండి, ఈ వారంలోనే. “చిన్నపిల్లాడు, తెలీక చేశాడు” అని మొదలెట్టకండి. అది మిమ్మల్ని కాపాడుకునే మాట. “మా ఇంట్లో మీ అబ్బాయి ముందు జరిగింది తప్పు. మా వాడికి నేర్పాల్సింది నేను నేర్పలేదు, ఇప్పుడు నేర్పుతున్నాను. క్షమించండి” అనండి. ఆమె ముభావంగా ఉన్నా, వెంటనే పెట్టేసినా నొచ్చుకోకండి. బాబు చేత బలవంతంగా సారీ చెప్పించకండి. ఆ పిల్లాడు మళ్ళీ మీ ఇంటికి ఆడుకోవడానికి వస్తే, మీ బాబు నోటంట సారీ దానంతటదే వస్తుంది.