స్లాట్ డై దగ్గర కూర్చోబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విశాఖపట్నంలో పెరోవ్‌స్కైట్ సౌర ఫలకాల తయారీకి నీవు చిన్న లైను పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి అంత దిగులూ పడ్డాను. ఆ కబురు నీ నోటినుంచి వినలేదన్న కోపం ఇంకా ఉంది.

పని మంచిదే. మామూలు సౌర ఫలకాల్లోని సిలికాన్‌ను కరిగించాలంటే 1,400 డిగ్రీలు దాటాలి. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికపు పొరనిచ్చే ఈ సిరాను గాజు మీద పూసి 100–150 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలు. 2009లో జపాన్‌లో 3.8 శాతంతో మొదలైన, ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం నేడు 26 శాతం దాటింది గాని, ఆ అంకెలు వేలిగోరంత ముక్కలవి. పలకను గిరగిరా తిప్పి పూసే స్పిన్ కోటింగ్‌లో సిరా చాలావరకు అంచుల నుంచి చిమ్మి వృథా అవుతుంది కనుక, మొదటి రోజు నుంచే, సన్నటి చీలిక పెదవి గుండా సిరాను పొరగా పూసే స్లాట్ డై మీద పని నేర్చుకో.

ఉద్యోగపు చివరి ఏళ్లలో, ఇదే సిరాతో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక మధ్యాహ్నం పంపు ఆపి, డై పెదవి తుడవకుండా భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి నడిపితే పలక పొడవునా వెంట్రుకంత గీత పడింది. సిరా చెడిందనుకుని వడపోత మార్చాను, పాళ్లు మార్చాను, సిరా కలిపే కుర్రవాడిని అనరాని మాటలన్నాను. మూడు వారాల తరువాత టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే, పెదవి మీద ఇసుక రేణువంత ఎండిన పలుకు కనిపించింది. అర మైక్రాను పొరకు అది కొండ. లేజరు గీతలతో వరుసగా కలిపిన గడుల్లో, అంటే చిన్న సెల్స్‌లో, ఒకటి దెబ్బతింటే పలక మొత్తం కరెంటు పడిపోతుంది. ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పేలోగా అతడు ఉద్యోగం మానేశాడు.

అంతకన్నా పెద్ద తప్పు, ఆ పలుకును ఒట్టి వేలితో గీకడం. సిరాలోని డీఎంఎఫ్ అనే ద్రావకం చర్మం గుండా ఇంకి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందులో కరిగి ఉన్నది సీసపు లవణం. వాసన రాలేదు కదా అని ధైర్యపడకు.

సముద్రపు తేమ సంగతి నీకు తెలిసిందే. పలక అంచులను బ్యూటైల్ రబ్బరుతో మూసి, 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటల పరీక్ష నెగ్గాకే అమ్మకం మాట ఎత్తు.

పల్చటి నైట్రైల్ తొడుగులు డీఎంఎఫ్‌కు ఆగవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. నీ చేతి కొలత మీ అమ్మకు చెప్పు, మొదటి రెండు జతలు నేనే కొని పంపుతాను.

మీ మామయ్య