హ్యాండ్ ఇవ్వడమంటే సాయమా, మోసమా?

‘హ్యాండ్’ అనే ఒక్క మాటతో వచ్చే ఇంగ్లీషు జాతీయాలను ఎలా గుర్తుపెట్టుకోవాలని అడిగారు. సగం పని మన ‘చెయ్యి’ చేసిపెడుతుంది. ‘అవుట్ ఆఫ్ హ్యాండ్’ అంటే పరిస్థితి చెయ్యి దాటిపోవడం. ‘ఓల్డ్ హ్యాండ్’ అంటే ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు. ‘హ్యాండ్ టు మౌత్’ బతుకంటే రెక్కాడితే గాని డొక్కాడనిది. చెయ్యి బదులు రెక్క వచ్చిందంతే.

చిక్కంతా ‘గివ్ ఎ హ్యాండ్’ దగ్గరే. మనవాళ్లు ‘హ్యాండ్ ఇచ్చాడు’ అంటే నమ్మించి తప్పుకున్నాడని. ఇంగ్లీషులో సరిగ్గా తిరగేసి, సాయం చేయడం! అదే వేదిక మీద ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అన్నారంటే ఆమెకు గట్టిగా చప్పట్లు కొట్టమని. ‘రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడు’ మనకూ అలవాటే. ఆ ఎరుపు నెత్తురుది, స్కాట్లండ్ పాత చట్టాల్లోంచి వచ్చింది.