బ్రిడ్జిలో పెట్టిన రూటర్, తోడిలో గాంధారం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలూ పొద్దుటి ఆన్‌లైన్ వీణ పాఠం రికార్డింగూ అందాయి. రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. తోడి రాగం వాయిస్తున్నావు. గాంధారం మీద గమకం సగంలో తెగిపోయింది. నువ్వు మళ్లీ అందుకునేసరికి అవతల ఆ పిల్ల "టీచర్, ఇంకోసారి వాయించరా?" అంటోంది. మనసు చివుక్కుమంది తల్లీ. ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర, న్యూజెర్సీలో రాత్రి ఎనిమిది. బడి, ట్యూషన్లు అయ్యాక ఆ పిల్ల వీణ ముందు కూర్చుంటోంది. ఆ గమకం దానికి చెడకుండా చేరాలి. అందుకే వాట్సాప్‌లో రెండు ముక్కలు పడేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

రూటర్‌లో నీ లాప్‌టాప్‌కి ప్రయారిటీ పెట్టినా ఏమీ మారలేదన్నావు. నువ్వు పెట్టింది తప్పు కాదు. పెట్టిన చోట దాన్ని వినేవాళ్లు లేరు.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరిని పంటు మీద, అదే బళ్లని దాటించే పడవ మీద, దాటడం నీకు తెలుసు కదా. అంబులెన్సుని ముందు ఎక్కించాలంటే ఆ మాట ఎక్కడ చెప్పాలి? రేవు దగ్గర, బళ్లని పంటు మీదికి వదిలేవాడికి. పాలకొల్లు రోడ్డు మీద ఎంత అరిచినా లాభం లేదు, అక్కడ దారి ఖాళీగానే ఉంటుంది. నెట్‌వర్క్‌లోనూ అంతే. ప్యాకెట్లు, అంటే నెట్‌లో పోయే సమాచారపు చిన్న ముక్కలు, ఏ డబ్బాలో ఆగి వరుస కడుతున్నాయో, ఆ డబ్బాలోనే ఎవరు ముందో తేల్చగలం.

మీ ఇంట్లో వరుస కడుతున్నది ఆపరేటర్ బిగించిన ఫైబర్ డబ్బాలో. లాగిన్ అయ్యేదీ, ఇంట్లో అందరికీ ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా) ఇచ్చేదీ అదే. దాని పాస్‌వర్డ్ నీకివ్వలేదు. డబుల్ నాట్ (రెండు డబ్బాలూ ఒకదాని మీద ఒకటి చిరునామాలు మార్చడం) రాకూడదని నీ మైక్రోటిక్ హెక్స్ రూటర్‌ని బ్రిడ్జిలో పెట్టుకున్నావు, మంచి పని చేశావు. కానీ బ్రిడ్జి అంటే ఇటు వచ్చిన ఫ్రేముని, అంటే ప్యాకెట్‌ని మోసే కవరుని, అటు దాటించడమే. లోపల ఐపీ ఏముందో, ఏ ప్రోగ్రాము పోర్టు నంబరుకి పోతోందో చూడదు. నువ్వు ఫైర్‌వాల్ మాంగిల్‌లో (ప్యాకెట్లకి గుర్తులు వేసే చోట) రాసిన రూల్సన్నీ రూటింగ్ దారిలో ఉంటాయి. నీ ప్యాకెట్లు ఆ దారిన పోవడమే లేదు. రూల్ పక్కన దానికి తగిలిన ప్యాకెట్లు లెక్కపెట్టే కౌంటర్ చూడు, సున్నా ఉంటుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకూ ఇదే జరిగింది. ఒక కాలేజీ హాస్టల్‌కి ఇలాగే బ్రిడ్జి పెట్టి, ప్రయారిటీలన్నీ రాసి వచ్చాను. పిల్లల ఆన్‌లైన్ పరీక్షలు రెండు రోజులు ఆగి ఆగి నడిచాయి. మూడో రోజు వెళ్లి కౌంటర్లు చూస్తే ఒక్క ప్యాకెట్ కూడా లెక్కలో లేదు. స్విచ్ చిప్పే ఫ్రేముల్ని అటునుంచి అటే పంపేస్తోంది, సీపీయూ దాకా ఏదీ రావడం లేదు. అప్పటినుంచి రూల్ రాయగానే కౌంటర్ కదులుతోందా లేదా అన్నది చూడకుండా కుర్చీలోంచి లేవను. నువ్వూ ఆ అలవాటు చేసుకో.

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. ప్లాన్ 100 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) అయినా నీ కొలతలో అప్‌లోడ్ 18 దాటలేదు. పాఠానికి కావలసింది అప్‌లోడే. ఏమీ నడవనప్పుడు పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం, 14 మిల్లీసెకన్లు, మావయ్యగారి ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి ఫోటోలు పైకి పంపుతున్నప్పుడు 700 పైన. కారణం బఫరు, అంటే ప్యాకెట్లు ఆగి ఎదురుచూసే జాగా. ఆ డబ్బాలో రెండు మెగాబైట్ల బఫర్ ఉందనుకో. రెండు మెగాబైట్లంటే 16 మెగాబిట్లు. 18 ఎంబీపీఎస్ లైను మీద అది ఖాళీ కావడానికి దాదాపు 900 మిల్లీసెకన్లు పడుతుంది. నీ వీణ ప్యాకెట్ ఆ ఫోటోల వెనక నిలబడాలి. ఇంటర్నెట్‌లో మాట మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళుతుంది, సెకనుకి 50 ముక్కలు. అరసెకను గమకంలో 25 ముక్కలుంటాయి. అవి సమయానికి చేరకపోతే అవతలి యాప్ వాటిని పారేసి ముందుకి పోతుంది. నువ్వు పోగొట్టుకుంటున్నది స్పీడు కాదమ్మా, సమయం. ఆపరేటర్ కుర్రాడు పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడని తొందరపడి డబ్బు కట్టకు.

ముందు చేయాల్సింది తీగల పని. ఫోటోలో కొబ్బరి కొట్టు కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) తీగ నేరుగా ఆపరేటర్ డబ్బాలోకే పోతోంది. కింద ఫోన్లన్నీ ఆ డబ్బా వైఫై మీదే ఉన్నాయి. అవేవీ నీ హెక్స్ గుండా పోవడం లేదు, మరి వాటిని అది ఎలా ఆపుతుంది? ఆపరేటర్ డబ్బా వైఫై ఆపేయించు. ఆ డబ్బా నుంచి ఒకే ఒక తీగ హెక్స్ మొదటి పోర్టుకి రావాలి. రెండో పోర్టు నుంచి ఒక తీగ చిన్న స్విచ్‌కి పోవాలి. డీవీఆర్, వైఫై డబ్బా, నీ లాప్‌టాప్ అన్నీ ఆ స్విచ్‌కే. పాత తీగ ఒక్కటి కూడా ఆపరేటర్ డబ్బాకీ స్విచ్‌కీ మధ్య మిగలకూడదు. మిగిలితే లూపైనా పడి ఫ్రేములు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, లేదా ట్రాఫిక్ దొడ్డిదారిన పోతుంది.

రెండే తీగలు అనడానికి ఇంకో కారణముంది. ఏ రూటరైనా తను బయటికి పంపే దాన్నే వరుసలో పెట్టగలదు. అప్‌లోడ్ మొదటి పోర్టు నుంచి బయటికి పోతుంది, డౌన్‌లోడ్ రెండో పోర్టు నుంచి. ఒక్కో దిక్కుకీ ఒక్కో గుమ్మం ఉంటే కాపలా తేలిక. డౌన్‌లోడ్ నాలుగు పోర్టుల్లోంచి చీలిపోతే మొత్తం ఎంత పోతోందో ఒకచోట లెక్క తేలదు.

తరవాత బ్రిడ్జి పోర్టుల్లో మొదటిదానికీ రెండోదానికీ హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (ఫ్రేముల్ని సీపీయూకి రానీయకుండా స్విచ్ చిప్పుకే అప్పగించే ఏర్పాటు) టిక్కు తీసెయ్. హాస్టల్లో నన్ను ముంచింది ఇదే. ఇది తీస్తే సీపీయూకి పని పెరుగుతుంది, నీ 100కి ఏ ఇబ్బందీ ఉండదు. ఎప్పుడైనా పెద్ద ప్లాన్‌కి మారితే మాత్రం సీపీయూ శాతం చూసుకోవాలి.

గుర్తులు వేయడానికి మాంగిల్ వద్దు, బ్రిడ్జి ఫిల్టర్‌లో వెయ్యి. బ్రిడ్జి ఫార్వర్డ్ చైన్‌లో నీ లాప్‌టాప్ మాక్ అడ్రసు (ఒక్కో పరికరానికి ఉండే సొంత నంబరు) నుంచి పోయేవాటికి ఒక గుర్తు, దానికి వచ్చేవాటికి ఇంకో గుర్తు, డీవీఆర్ మాక్ నుంచి పోయేవాటికి మూడో గుర్తు. ఐపీ అడ్రసు నమ్ముకోకు. దాన్ని పంచేది ఆపరేటర్ డబ్బా, రేపు మార్చినా నీకు చెప్పదు. బ్రిడ్జిలో ఉన్న సుఖం ఏమిటంటే ఇంట్లోని మాక్ అడ్రసులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. లాప్‌టాప్‌లో రాండమ్ మాక్ సెట్టింగ్ ఉంటే ఆపెయ్.

అసలు పని క్యూ ట్రీలో, అంటే వరుసలు ఏర్పాటు చేసే చోట, ఉంది. మొదటి పోర్టు మీద ఒక పెద్ద క్యూ పెట్టి మాక్స్ లిమిట్ 16 ఎంబీపీఎస్ ఇవ్వు. 18 ఉంటే 16 ఎందుకని అడుగుతావు. ఆపరేటర్ డబ్బాకి అది మోయగలిగినదానికన్నా కాస్త తక్కువ అందిస్తేనే దానిలో వరుస కట్టదు, నీ హెక్స్‌లో కడుతుంది. రేవు నీ చేతిలోకి వస్తుంది. ఆ రెండు ఎంబీపీఎస్ నష్టం కాదు తల్లీ, అధికారం కోసం కట్టే సుంకం. లైను అన్ని వేళలా ఒకేలా ఉండదు కాబట్టి తెల్లవారుజామునా రాత్రి తొమ్మిదింటికీ కొలిచి, వచ్చిన తక్కువ అంకెలో పదో వంతు తగ్గించు.

దాని కింద మూడు పిల్ల క్యూలు, స్పీడు అంకెలన్నీ ఎంబీపీఎస్‌లోనే. నీ పాఠానికి లిమిట్ ఎట్ 4, మాక్స్ 16, ప్రయారిటీ 1. కెమెరాలకి లిమిట్ ఎట్ 3, మాక్స్ 8, ప్రయారిటీ 6. మిగతా అందరికీ లిమిట్ ఎట్ 2, మాక్స్ 16, ప్రయారిటీ 8. మైక్రోటిక్‌లో 1 అంటే అందరికన్నా ముందు, 8 అంటే ఆఖరు. లిమిట్ ఎట్ అంటే ఎవరికి ఎంత తప్పకుండా అందాలో ఆ వాటా. వాటాలు అందరికీ అందాక మిగిలినది ముందు ఎవరికన్నదే ప్రయారిటీ. పైనున్న పెద్ద క్యూకి మాక్స్ లిమిట్ లేకపోతే ఈ అంకెలన్నీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇంకోటి, గుర్తు లేనివాటికోసం "నో మార్క్" అని మూడో క్యూలో తప్పకుండా రాయి. ఏ క్యూకీ చెందని ప్యాకెట్లు లెక్కలో పడకుండా పక్కనుంచి పోయి మళ్లీ ఆపరేటర్ డబ్బాలో పోగవుతాయి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

రెండో పోర్టు మీద డౌన్‌లోడ్‌కి ఇలాగే 90 పెట్టి, నీ లాప్‌టాప్‌కి ఒకటి, మిగతావాటికి ఒకటి చాలు.

పిల్ల క్యూలన్నిటికీ క్యూ టైపు ఎఫ్‌క్యూ-కోడెల్ ఎంచుకో, హెక్స్‌లో నడిచే రూటర్‌ఓఎస్ 7లో ఉంది. ఈ బఫర్ల జబ్బుని 2010 ప్రాంతంలో జిమ్ గెట్టిస్ తన ఇంటి లైను మీదే గమనించి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో కాథ్లీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే మందు కనిపెట్టారు. వరుస ఎంత పొడుగుందని కాక, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని అది చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఏ ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్లలోపు దాటలేకపోతే ఒకటి పడేసి, పంపేవాణ్ణి నెమ్మదించమంటుంది. దాని ముందు చేర్చిన ఎఫ్‌క్యూ ఒక్కో ప్రవాహాన్నీ విడివిడిగా నిలబెడుతుంది. నా మనసులో మాట చెప్పనా? ప్రయారిటీ అంకెలకన్నా నీకు ఎక్కువ మేలు చేసేది 16 అనే ఆ లిమిటూ, ఈ కోడెలూ.

కెమెరాల విషయంలో మావయ్యగారితో గొడవ పెట్టుకోకు. కొబ్బరి కొట్టు ఆయన ప్రాణం. నాలుగు కెమెరాలూ ఒక్కోటి 2 ఎంబీపీఎస్ పంపుతున్నాయి. డీవీఆర్‌లో రికార్డింగ్ పూర్తి క్వాలిటీతోనే ఉంచి, ఫోన్‌లో చూడటానికి పోయేదాన్ని సబ్ స్ట్రీమ్‌కి (తక్కువ క్వాలిటీ బొమ్మకి) మార్చు. ఆయనకి బొమ్మ కనిపిస్తుంది, నీకు లైను మిగులుతుంది.

లాప్‌టాప్‌కి మాత్రం తీగే లాగు. మేడ మీదికి ఇరవై మీటర్ల క్యాట్-6 నెట్‌వర్క్ తీగ సరిపోతుంది. హెక్స్ ఎంత బాగా వరుస పెట్టినా గాలిలో వైఫై పడే తొక్కిసలాట దాని చేతిలో ఉండదు.

అంతా అయ్యాక మావయ్యగారి ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి పైకి పంపమని, అదే సమయంలో లాప్‌టాప్ నుంచి 8.8.8.8కి (గూగుల్ సర్వర్‌కి) పింగ్ పెట్టు. 14 ఉన్నది ముప్పై లోపల నిలిస్తే పని అయినట్టు. అప్పటికీ వందలు చూపిస్తుంటే 16ని 15 చెయ్యి, 14 చెయ్యి, దిగేదాకా తగ్గించు. క్యూ ట్రీలో మూడు కౌంటర్లూ కదులుతున్న ఫోటో ఒకటీ, ఆ పిల్లకి మళ్లీ వాయించిన తోడి రికార్డింగూ నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న