పాటల చరిత్రకు ముందు పాటల పట్టిక

చిరంజీవికి,

ఆశీస్సులు. తెలుగు పాట చరిత్ర రాయాలన్న సంకల్పంతో నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. నీ వచనం బాగుంది, పాట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయినా ఆ అధ్యాయాన్ని కొంతకాలం పక్కన పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరి గొంతులో ఎంత మాధుర్యం ఉందో రాశావు గాని, ఆ గొంతు ఏ ఏట, ఏ కంపెనీ రికార్డు మీద, ఎవరి బాణీలో వినిపించిందో ఎక్కడా రాయలేదు. చరిత్రకు ముందు పట్టిక కావాలి. హిందీ సినిమా పాటల గురించి ఇవాళ నిబ్బరంగా రాయగలుగుతున్నారంటే, కాన్పూరుకు చెందిన హర్‌మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ దశాబ్దాల వారీగా కూర్చిన ‘హిందీ ఫిల్మ్ గీత్ కోశ్’ సంపుటాలు చేతికి అందుతూ ఉండబట్టే. సినిమా, పాట, గాయకులు, రచయిత, రికార్డు నంబరు తప్ప వర్ణన అన్నది లేని ఆ సంపుటాలను నేను గొప్ప సంగీత సాహిత్యంగానే భావిస్తాను.

పట్టికలో మొదటి గడి పాటకు కాక రికార్డుకు ఇవ్వు. సినిమాలో ఉన్న పాట, రికార్డు మీద ఉన్న పాట ఒకటే కానక్కరలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డు ఒక వైపున మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది కనుక, పొడుగు పాటను రెండు వైపులకూ పంచేవారు, లేదా ఒక చరణం తీసేసేవారు. తొలి టాకీల కాలంలోనైతే రికార్డు కోసం విడిగా మళ్లీ పాడించిన పాటలు ఎన్నో. అందుచేత లేబుల్ మీద ఉన్నదంతా అక్షరదోషాలతో సహా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకో. ఆ తరవాత రికార్డును వెలుతురులో ఏటవాలుగా పట్టుకొని, గాడులు ముగిసిన చోట, లేబుల్‌కు ఆనుకొని ఉన్న నల్లని భాగంలో కనిపించే మాట్రిక్స్ నంబరు చదువు. లేబుల్ మీది నంబరు అమ్మకం కోసం వేసింది, ఈ నంబరు మాత్రం ఆ ధ్వనిముద్రణకు చెందింది. అదే పాట మరో లేబుల్‌తో మళ్లీ మార్కెట్లోకి వచ్చినప్పుడు, అది పాత ముద్రణేనా, కొత్తగా పాడించిందా అన్న సందేహాన్ని చాలాసార్లు తీర్చేది ఇదే.

లేబుల్ కూడా కంపెనీ ఏమి అచ్చు వేసిందన్న దానికే సాక్షి. 1949లో వచ్చిన ‘మహల్’లోని ‘ఆయేగా ఆనేవాలా’ పాట తొలి రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని ఉంది. అది తెర మీది పాత్ర పేరు, పాడింది లతా మంగేష్కర్. మన ‘మాయాబజార్’ (1957) సంగతి చూడు. తెర మీద సంగీత దర్శకుడి పేరు ఘంటసాలదే. సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారనీ, తక్కిన పని ఘంటసాల పూర్తి చేశారనీ సంగీత ప్రియులందరూ చెప్పే మాట. ఇలాంటి చోట ఒక మాటను కొట్టేసి రెండో మాటను నిలబెట్టవద్దు. ‘తెర మీద ఉన్నది’ అని ఒక గడి, ‘ఇతరులు చెప్పినది’ అని మరొక గడి, ఆ చెప్పినవారు ఎవరు, ఎప్పుడు చెప్పారు అని ఇంకొక గడి పెట్టు. రచన, బాణీ, వాద్యగోష్ఠి నిర్వహణ, గానం అనే నాలుగు పనులను ఎప్పుడూ ఒక పేరు కింద కలిపేయకు. మన పాటల చరిత్రలో ఎక్కువ అన్యాయం జరిగింది అక్కడే అని నా నమ్మకం.

తేదీల విషయంలో ఇంకా కఠినంగా ఉండు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాశారు, ఉత్సవాలు చేశారు. సినిమా సెన్సారైందే 1932 జనవరిలో అనీ, బొంబాయిలో ఫిబ్రవరి 6న విడుదలైందనీ ఆనాటి కాగితాలూ పత్రికలూ వెతికాకే తేలింది. ఒకరిని చూసి ఒకరు రాసిన వంద వ్యాసాలైనా ఒక్క సాక్ష్యం కిందే లెక్క. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఉన్నాయి, పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో పాటల పుస్తకాలు ఉన్నాయి. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన ఆ పలుచని పుస్తకాలలో, తరవాత సినిమా నుంచి తీసేసిన పాటలు సైతం ఒక్కోసారి కనిపిస్తాయి.

నీ ప్రణాళికలో సినిమా తప్ప మరేమీ లేకపోవడం నాకు బాధ కలిగించింది. ఊళ్లలో గ్రామఫోను మోగిన తొలి రోజులలో జనం విన్నది నాటక పద్యాలనూ, ప్రైవేటు పాటలనూ. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ పద్యాలు సినిమావి కావు. స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి టంగుటూరి సూర్యకుమారి పాడగా రేడియోలో వినిపించిన బాలాంత్రపు రజనీకాంతరావు గీతమూ సినిమాది కాదు. రేడియోలో నేరుగా పాడి గాలిలో కలిసిపోయిన పాటలకు ఆకాశవాణి కార్యక్రమ పత్రిక ‘వాణి’లో అచ్చైన ఒక్క పంక్తే ఆధారం కావచ్చు, ఆ పంక్తికీ నీ పట్టికలో చోటుండాలి. తెలంగాణలో ప్రజాపాట క్యాసెట్ల మీద ఊరూరా తిరిగింది గాని, వాటిలో చాలావాటి మీద సంవత్సరం ఉండదు. అట్ట మీది ధర, అచ్చువేసిన ప్రెస్సు పేరు, పాటలో వచ్చే సంఘటన, వీటిని బట్టి ‘ఈ ఏడాదికి తరవాత’ అని రాయగలిగితే చాలు. ఊహించి ఒక అంకె వేయవద్దు.

పెద్దవాళ్లను కలిసేటప్పుడు గాయకులతో ఆగిపోకు. వయొలిన్, తబలా వాయించినవారిని, రికార్డింగు గదిలో పనిచేసినవారిని వెతుక్కుంటూ వెళ్లు, ఈ పనిని వాయిదా వేయకు. వారి అభిప్రాయాల కంటే చేతిపని గురించి అడుగు: ఏ స్టూడియో, ఎన్ని మైకులు, నొటేషన్ ఎవరు రాశారు, కాల్షీటుకు ఎంత ఇచ్చారు. పాత రికార్డు ఒకటి వినిపించి అడిగితే, మామూలు ప్రశ్నకు రాని సంగతులు బయటికి వస్తాయి.

సేకరించిన పాటలను నలుగురికీ వినిపించాలన్న నీ కోరిక మంచిదే గాని, 1957 నాటి కాపీరైట్ చట్టం చదువుకో. ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, సాహిత్యం మీదా బాణీ మీదా హక్కు కర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1974లో కన్నుమూసిన ఘంటసాల బాణీలకు, ఆ రికార్డు ఎంత పాతదైనా, 2034 చివరి వరకు రక్షణ ఉంది.

1951తో మొదలుపెట్టు. ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ రెండూ ఆ ఏటివే, ఆధారాలు ఎక్కువగా దొరుకుతాయి. అదే ఏడాదిలో సినిమాకు బయట వచ్చిన రికార్డులను కూడా చేర్చు. తెలియని గడులను ఖాళీగానే ఉంచి ఆ ఒక్క ఏటి పట్టిక నాకు పంపు. వాటిలో వేటికి ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంత మేరకు రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో.