కోచ్ మాట ఇచ్చాడు సరే, కాగితం ఏదీ?

అమెరికాలో పిల్లలను కాలేజీ ఆటల్లోకి పంపుతున్న మన తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య చాలా ఉత్తరాలు వస్తున్నాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు. (కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అది కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది, డివిజన్ 1 అన్నిటికంటే పై స్థాయి.)

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో హైస్కూల్ జూనియర్ (పదకొండో తరగతి), స్విమ్మర్. పోయిన వేసవిలో ఒక డివిజన్ 1 యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేసి నీ ప్లేస్ ఖాయం అన్నాడు. మేమూ సరే అన్నాం. పిల్ల ఇన్‌స్టాలో పెట్టేసింది, చుట్టాలందరికీ చెప్పేశాం. రెండు నెలల నుంచి ఆయన మెసేజ్‌లకు జవాబు ఇవ్వడం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. లెటర్ ఆఫ్ ఇంటెంట్ పంపమని గట్టిగా అడగొచ్చా? ఈలోపు వేరే కోచ్‌లతో మాట్లాడితే మాట తప్పినట్టు అవుతుందా?

జవాబు: ముందు రెండో దానికి చెప్తానమ్మా. తప్పినట్టు కాదు, నిక్షేపంగా మాట్లాడండి. ఫోన్లో అనుకున్నది రెండు వైపులా ఒట్టి మాటే. దానికి మీరూ కట్టుబడి లేరు, ఆయనా లేడు. ఇన్‌స్టా పోస్టుకి ఎన్ని లైకులు వచ్చినా అంతే. మనవాళ్ళకి ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది, ఇచ్చిన మాట కదా అని మిగతా కోచ్‌లకు తలుపులు మూసేస్తారు, అవతలాయన మాత్రం అదే ఈవెంట్‌లో ఇంకో నలుగురితో నిశ్చింతగా మాట్లాడుతూనే ఉంటాడు.

ఇక లెటర్ సంగతి. మీరు విన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 1964 నుంచి నడిచింది, 2024 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేశారు. ఏడాది పాటు మీ కాలేజీలోనే చదువుతానని పిల్లలు, ఆ ఏడాదికి ఆటల స్కాలర్‌షిప్ ఇస్తామని కాలేజీ రాసుకునే ఒప్పందం అది. చూడటానికి సమానంగానే ఉండేది, దెబ్బ మాత్రం పిల్లలకే తగిలేది. సంతకం చేశాక మనసు మార్చుకుని, విడుదల పత్రం లేకుండా వేరే కాలేజీకి వెళ్తే ఒక సీజన్ ఆడే అర్హత పోయేది. మీ సంతకం కాలేజీతో, కోచ్‌తో కాదు అని అందులో స్పష్టంగా ఉండేది కూడా. అంటే రమ్మని పిలిచిన కోచ్ పెద్ద జీతం చూసుకుని ఇంకోచోటికి వెళ్ళిపోవచ్చు, నమ్మి సంతకం పెట్టిన పిల్ల ఉండిపోవాలి. అది పోయినందుకు నాకైతే బాధ లేదు.

ఇప్పుడు దాని పని కూడా స్కాలర్‌షిప్ ఒప్పందమే చేస్తోంది. అందులో సంతకం పడ్డాక మిగతా డివిజన్ 1 కాలేజీలు మీ అమ్మాయి వెంటపడటం ఆపేయాలి. కానీ రాతపూర్వక ఆఫర్‌ను సీనియర్ ఇయర్ (పన్నెండో తరగతి) ఆగస్టు 1 కంటే ముందు ఇవ్వకూడదు. కాబట్టి ఇప్పుడు ఎంత గట్టిగా అడిగినా ఆ కాగితం రాదు. బదులుగా అమ్మాయి చేతే ఒక చిన్న ఈమెయిల్ పంపించండి, మీరు రాయకండి. నాకు జట్టులో చోటు ఉందా, ఎంత స్కాలర్‌షిప్ అనుకుంటున్నారు, కాగితం ఎప్పుడు పంపుతారు, ఈ మూడే అడగాలి. జవాబు రాకపోతే అదే జవాబు అనుకుని, అదే రోజు మిగతా కోచ్‌లకు తన టైమింగ్‌లు పంపడం మొదలుపెట్టమనండి.

ప్రశ్న: కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. మావాడు టెన్నిస్. డివిజన్ 1 కాలేజీ నుంచి ఒప్పందం వచ్చింది, నలభై శాతం అని ఉంది. అదే కాలేజీలో తెలిసినవాళ్ళ అమ్మాయికి నాలుగేళ్ళ క్రితం పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చారు. మావాడికి ఎందుకు ఇవ్వరు? సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: అప్పట్లో డివిజన్ 1 మహిళల టెన్నిస్ జట్టుకు ఎనిమిది స్కాలర్‌షిప్‌లు, ఒకరికి ఎంత ఇచ్చినా ఒక పూర్తి స్కాలర్‌షిప్‌గానే లెక్క. మగపిల్లల జట్టు మొత్తానికి కలిపి నాలుగున్నర, దాన్నే ముక్కలు చేసి పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన దావాలో కుదిరిన రాజీ) ఆ లెక్క మారింది. అందులో చేరిన కాలేజీలకు ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి లేదు, జట్టులో ఎంతమంది ఉండాలన్న దాని మీదే పరిమితి. టెన్నిస్‌కైతే పదిమంది. కావాలంటే పదిమందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, ఇస్తారా అన్నది కాలేజీ డబ్బు సంగతి. చేరని కాలేజీలకు పాత పరిమితులే. అందుకే కోచ్‌ను ముందు అడగాల్సింది, మీ కాలేజీ సెటిల్‌మెంట్‌లో చేరిందా అని.

ఇక కాగితం. పైన కాలేజీ లోగో, అభినందనలు, అవన్నీ వదిలేసి కిందికి రండి. నలభై శాతం దేనిలో? ట్యూషన్‌లోనా, లేక ఉండటం, తిండి, పుస్తకాలు కలిపిన మొత్తం ఖర్చులోనా? రెండింటికీ ఏడాదికి వేల డాలర్ల తేడా వస్తుంది. శాతమా, డాలర్ల అంకెనా? డాలర్లలో రాస్తే ఫీజు పెరిగిన ప్రతి ఏడాదీ ఆ పెంపు మీ మీదే పడుతుంది. తర్వాత కాలం. ఒక విద్యా సంవత్సరమా, నాలుగేళ్ళా? ఒక ఏడాదికే ఇవ్వడం ఇప్పటికీ మామూలే, 2012 నుంచి ఎక్కువ ఏళ్ళకు రాసివ్వడానికి కూడా వీలుంది. కోచ్ నోటితో నాలుగేళ్ళు అంటూ కాగితం మీద మాత్రం ఒక ఫాల్, ఒక స్ప్రింగ్ సెమిస్టర్ రాస్తే మీకు వచ్చింది ఒక ఏడాదే. మొహమాటపడకుండా నాలుగేళ్ళకు రాసివ్వమని అడగండి, అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే కోచ్ దగ్గర మీవాడు నాలుగేళ్ళు ఉండటం కష్టమే.

ఒప్పందం నడుస్తున్న కాలంలో సరిగ్గా ఆడలేదనో, గాయమైందనో డబ్బు తగ్గించకూడదు, ఆపకూడదు. కానీ ఆడే అర్హత పోగొట్టుకున్నా, ఫారాల్లో అబద్ధం రాసినా, తీవ్రమైన క్రమశిక్షణ కేసు తేలినా, తనంతట తాను జట్టు వదిలేసినా ఆపొచ్చు. ఈ చివరిది చూసుకోండి. కోచ్‌తో గొడవపడి కోపంలో మానేస్తున్నానని మెసేజ్ పెట్టాడంటే డబ్బు విషయంలో కాలేజీ చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. రెన్యువల్ చేస్తారో లేదో జులై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలి. తగ్గించినా ఆపినా ఆటల విభాగంతో సంబంధం లేని కమిటీ ముందు అప్పీల్ చేసుకునే హక్కు మీవాడికి ఉంటుంది.

ప్రశ్న: మా బాబు డివిజన్ 3 కాలేజీలో సాకర్ ఆడబోతున్నాడు. స్కూల్లో టేబుల్ వేసి, టోపీ పెట్టి, సంతకం ఫొటోలు తీశారు. మావారి కజిన్ స్కాలర్‌షిప్ ఎంతని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. (న్యూజెర్సీ)

జవాబు: ఆటల స్కాలర్‌షిప్ సున్నా అని చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. డివిజన్ 3లో అసలు ఆటల కోసం డబ్బు ఇవ్వరు. మీవాడు సంతకం పెట్టింది సంబరం కోసం, దానికి ఎవరూ కట్టుబడి లేరు. చదువుకిచ్చే మెరిట్ సహాయం, ఇంటి ఆదాయం చూసి ఇచ్చేది వేరే ఉంటాయి. వాటికోసం ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు వెంటపడండి. అన్నట్టు, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు కూడా డివిజన్ 1లో ఉంటూనే ఆటల స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఎవరైనా మా అబ్బాయికి ఐవీలో ఫుల్ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అంటే నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: ఇలినాయ్‌లో ఉంటాను. మా అక్క కొడుకు ఇండియాలో హైజంప్ చేస్తాడు, మార్కులూ బాగానే వస్తాయి. ఒక కన్సల్టెంట్ అమెరికాలో స్కాలర్‌షిప్ ఇప్పిస్తాను, వచ్చిన దాంట్లో పది శాతం ఇవ్వండి అంటున్నాడట. ఇప్పుడు కాలేజీలు ఆటగాళ్ళకు డబ్బు కూడా ఇస్తున్నాయి కదా, అది కూడా వస్తుందా?

జవాబు: పది శాతం దగ్గరే ఆగండి. వీడియోలు చేసిపెట్టి, కోచ్‌లకు పంపి ఇంత అని ఒకే ఫీజు తీసుకోవడం వేరు. స్కాలర్‌షిప్‌లో వాటా తీసుకునేవాణ్ణి ఎన్‌సీఏఏ ఏజెంట్‌గా చూస్తుంది, కుర్రాడి అర్హతకే ఎసరు రావొచ్చు. అక్కగారికి ఇది ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

దారి లేదని కాదు. హైజంప్‌లోనే తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు, మన సాకేత్ మైనేని అలబామాలో టెన్నిస్ ఆడాడు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ అవడం, మార్క్‌షీట్లు పంపడం కుర్రాడు సొంతంగా చేసుకోగలడు. డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) ఉండాలి. శాట్ స్కోరు నిబంధన 2023లో తీసేశారు, కాలేజీ తన అడ్మిషన్ కోసం అడిగితే అది వేరే సంగతి.

మీరు విన్న డబ్బు నిజమే. సెటిల్‌మెంట్‌లో చేరిన ఒక్కో కాలేజీ 2025-26లో సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకు పంచొచ్చు. కానీ అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్ళకే పోతుంది, హైజంపర్ దాకా వచ్చేది తక్కువ. పైగా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద పని చేయడానికి ఉన్న ఆంక్షలు తెలిసినవే. అలాంటి ఒప్పందం ఏదొచ్చినా ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టనివ్వకండి.

పన్ను సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టల్, భోజనానికి ఇచ్చే భాగం మీద ఉంది, ఎఫ్-1 విద్యార్థుల విషయంలో మామూలుగా 14 శాతం కాలేజీయే పట్టుకుంటుంది. ఫుల్ స్కాలర్‌షిప్ అనుకుని వచ్చిన కుర్రాడికి మొదటి సెమిస్టర్‌లోనే ఆ బిల్లు కనిపిస్తుంది, దానికి కాస్త డబ్బు పక్కన పెట్టుకుని రమ్మనండి.